హై-రెస్ కావాల్సింది మన చెవులకు కాదు, అటక మీద ఉన్న డిస్కులకు

ఈ మధ్య ఏ ఇయర్‌ఫోన్స్ బాక్స్ చూసినా ఓ మూలన బంగారు రంగులో చిన్న లోగో కనిపిస్తోంది: ‘హై-రెస్ ఆడియో’. రెండు వేల రూపాయల నెక్‌బ్యాండ్ మీదా అదే, ఇరవై వేల హెడ్‌ఫోన్ మీదా అదే. దాన్ని చూసి కొనేవాళ్లు బోలెడుమంది. కొన్నాక “24 బిట్ పాటలు ఎక్కడ దొరుకుతాయి? ఏ డ్యాక్ తీసుకోమంటావ్?” అని నన్ను అడిగేవాళ్లూ ఎక్కువే. మా ఫ్రెండ్స్‌లో ఇప్పటికీ డబ్బులిచ్చి డిస్కులు కొనేది నేనొక్కడినే కాబట్టి ఆ ప్రశ్నలన్నీ నా దగ్గరికే వస్తాయి.

నాది విశాఖపట్నం. పగలు కోడ్ రాస్తాను. రాత్రిళ్లు కర్ణాటక సంగీతం సీడీలు, కొన్ని పాశ్చాత్య క్లాసికల్ ఎస్‌ఏసీడీలు వింటాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. వినడానికి మాత్రమే అయితే 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అనే నంబర్ల వెనక పరిగెత్తడం దండగ. కానీ అవే నంబర్లు ఇంకో చోట నిజంగా అవసరం. ఆ చోటు మన జేబులో లేదు. మన పెద్దవాళ్ల అటకల మీద, అల్మారాల్లో దుమ్ము పట్టిన డిస్కుల దగ్గర ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదన్నదే నా బాధ.

స్టిక్కర్ వెనక లెక్క

ముందు మామూలు సీడీ సంగతి చూద్దాం. సీడీ శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. ఒక్కో కొలతకు 16 బిట్లు. నైక్విస్ట్, షానన్ల సిద్ధాంతం ప్రకారం ఆ రేటులో సగం, అంటే 22,050 హెర్ట్జ్ లోపు ఉన్న శబ్దాన్ని ఏ మాత్రం పోగొట్టుకోకుండా తిరిగి రాబట్టొచ్చు. డిజిటల్ అంటే మెట్లు మెట్లుగా ఉంటుందని యూట్యూబ్‌లో చూపించే బొమ్మలు తప్పు. ప్లేయర్‌లోంచి బయటికొచ్చేది నున్నటి తరంగమే. మనిషి చెవికి పైహద్దు సుమారు 20,000 హెర్ట్జ్. వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది.

ఇక బిట్లు. 16 బిట్లతో అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ తేడా పట్టించొచ్చు. 24 బిట్లతో కాగితం మీద 144. వినడానికి చాలా గొప్పగా ఉంది. కానీ మన గదిలో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే ఆ చప్పుడే 40 డెసిబెల్స్ దాకా ఉంటుంది. దాని మీద ఇంకో 96 అంటే 136. ఆ స్థాయికి చాలా ముందే చెవులు నొప్పి పుడతాయి. అంటే మే నెల విశాఖలో ఫ్యాన్ ఆపకుండా 16 బిట్ల హద్దు దాటడం ఎవరి వల్లా కాదు. ఫ్యాన్ ఆపితే మనమే దాటిపోతాం!

బ్లూటూత్ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. సీడీలో డేటా సెకనుకు 1,411 కిలోబిట్లు. హై-రెస్ అని చెప్పుకునే ఎల్‌డ్యాక్ కోడెక్ పూర్తి వేగంతో వెళ్తే 990. సిగ్నల్ సరిగ్గా లేకపోతే 660కో, 330కో దిగిపోతుంది. అంటే హై-రెస్ లోగో ఉన్న వైర్‌లెస్ ఇయర్‌బడ్‌కి సీడీలో ఉన్నది కూడా ఉన్నదున్నట్టు చేరట్లేదు. ఎల్‌డ్యాక్ చెడ్డదని కాదు, చక్కగా వినిపిస్తుంది. కానీ అది చక్కగా వినిపిస్తోందంటేనే నంబర్ల గురించి మనం అంత కంగారు పడక్కర్లేదని అర్థం.

“లెక్కలు వదిలెయ్, చెవికి తేడా తెలుస్తుందా?” అంటారా? దానికీ పరీక్షలు జరిగాయి. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో డిస్కుల్ని ఒకసారి నేరుగా, ఇంకోసారి మధ్యలో 16 బిట్, 44.1 దారి గుండా పంపి వినిపించారు. ఏది ఏదో చెప్పకుండా పోల్చమన్నారు. మొత్తం 554 ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పినవి 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. ఆ తర్వాత 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రీస్ 18 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసి, చిన్న తేడా తెలుస్తోందనీ, బాగా శిక్షణ ఇస్తే ఆ తేడా పట్టుకోవడం మెరుగవుతోందనీ తేల్చారు. ఆ మాట కూడా చెప్పడం న్యాయం. కానీ శిక్షణ తీసుకుంటే తప్ప పట్టుబడని తేడా కోసం నెల జీతంలో సగం పెట్టాలా అన్నదే ప్రశ్న.

మరి ఎస్‌ఏసీడీలు ఎందుకు కొంటున్నావ్?

న్యాయమైన ప్రశ్నే. సోనీ, ఫిలిప్స్ కలిసి 1999లో తెచ్చిన ఫార్మాట్ అది. సెకనుకు 28 లక్షల 22 వేల 400 సార్లు, ఒక్కోసారికి ఒకే బిట్. మామూలు పీసీ డ్రైవ్ ఆ పొరను చదవలేదు. ఎస్‌ఏసీడీ ఆడించే ప్లేయర్ కావాలి. మొదట్లో వచ్చిన ప్లేస్టేషన్ 3 మోడల్స్ కూడా ఆడిస్తాయి. చాలా డిస్కులు హైబ్రిడ్, అంటే ఇంకో పొరలో మామూలు సీడీ కూడా ఉంటుంది.

నేను కొనేది ఆ 28 లక్షల కోసం కాదు. ఆ డిస్కులు చేసేవాళ్లు మాస్టరింగ్ మీద శ్రద్ధ పెడతారని. ఫోన్ స్పీకర్‌లో గట్టిగా మోగాలని శబ్దాన్ని పిండేసి చదును చెయ్యరు. ఉదాహరణకు ఫ్రిట్జ్ రైనర్ నడిపించిన చికాగో సింఫనీ ఆర్కెస్ట్రా రికార్డింగులు ఆర్‌సీఏ ‘లివింగ్ స్టీరియో’ పేరుతో ఎస్‌ఏసీడీలుగా వచ్చాయి. వాటిలో స్ట్రౌస్ ‘జరతూస్త్ర’ 1954లో టేప్ మీద రికార్డ్ చేసింది. సీడీ పుట్టడానికి పాతికేళ్లకు పైగా ముందు! అయినా ఈనాటి ఎన్నో 24 బిట్ ఫైళ్ల కంటే అది బాగుంటుంది. అదే డిస్కులో సీడీ పొర పెట్టినా నాకు దాదాపు అంతే బాగుంటుంది. ఇంకో సంగతి. స్వీడన్ లేబుల్ బిస్ ఎన్నో ఏళ్లు 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌లోనే రికార్డ్ చేసి ఎస్‌ఏసీడీలు వేసింది. వాటి శబ్దానికి ఎంత మంచి పేరంటే, 2023లో ఆపిల్ ఏకంగా ఆ లేబుల్‌నే కొనేసింది.

కాబట్టి డిస్కు మీది నంబర్ ఆ రికార్డింగ్ బాగుందని హామీ ఇవ్వదు. హాలు, మైకులు, వాటి వెనక కూర్చున్న మనిషి, ఈ మూడే తేలుస్తాయి.

అంతా మైక్ దగ్గరే

మన సంగీతానికి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. కచేరీ రికార్డింగుల్లో చాలాసార్లు వయొలిన్ మైక్ తీగలకు అతుక్కుపోయి ఉంటుంది, మృదంగం దరువు గాయకుడి గొంతు కంటే ముందుకొస్తుంది, తంబూరా ఎక్కడుందో వెతుక్కోవాలి. దాన్ని 24 బిట్లలో ఇస్తే ఏం లాభం? ఉప్పు ఎక్కువైన పులుసుని వెండి గిన్నెలో పోసినట్టు.

భారతీయ వాద్యాలను శ్రద్ధగా రికార్డ్ చేస్తే ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే, విచిత్రంగా, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా దాకా వెళ్లాలి. అక్కడ కవిచంద్రన్ అలెగ్జాండర్ అనే రికార్డింగ్ ఇంజనీర్ ‘వాటర్ లిలీ అకూస్టిక్స్’ అనే చిన్న లేబుల్ నడిపారు. పద్ధతి చాలా సింపుల్: ఒక చర్చి హాలు, రెండు మైకులు, వాల్వ్ పరికరాలు, అనలాగ్ టేప్. విశ్వమోహన్ భట్, రై కూడర్ కలిసి వాయించిన ‘ఎ మీటింగ్ బై ద రివర్’ అలా 1992లో రికార్డైంది. మరుసటి ఏడాది డిస్కుగా వచ్చింది, 1994లో గ్రామీ అందుకుంది. మామూలు సీడీలోనే అది వినండి. ఇద్దరూ మన ముందు కూర్చున్నట్టు, మధ్యలో ఎంత దూరం ఉందో కూడా తెలిసినట్టు ఉంటుంది.

మనవాళ్లవీ మంచివి ఉన్నాయి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ రియల్ వరల్డ్ లేబుల్‌కి చేసిన ‘రామ శ్రీరామ’ (1994) సీడీ నా దగ్గరున్న వాటిలో ఎక్కువసార్లు తిరిగినది. మాండొలిన్ మీద గమకం ఎలా జారుతుందో, మీటు పడిన తర్వాత శబ్దం ఎలా ఆరిపోతుందో స్పష్టంగా వినిపిస్తుంది. కర్ణాటక సంగీతం ఎస్‌ఏసీడీల్లో దాదాపు లేదనే చెప్పాలి. కానీ ఇలాంటి సీడీలు ఉండగా అదేమంత లోటుగా నాకు అనిపించలేదు.

యాప్‌లో లేని కాలమ్

డిస్కు ఎందుకు కావాలో ఇప్పుడు చెప్తా. మొదటి కారణం శబ్దం కాదు. సమాచారం.

నేదునూరి కృష్ణమూర్తి గారి పేరు విన్నారా? సంగీత కళానిధి. చివరి రోజులు మన విశాఖలోనే గడిపారు, 2014 డిసెంబరులో ఇక్కడే కన్నుమూశారు. అన్నమయ్య సంకీర్తనలు ఎన్నింటికో ఆయన బాణీలు కట్టారు. అందరికీ తెలిసిన ‘నానాటి బ్రతుకు’ రేవతి రాగంలో ఆయన స్వరపరిచినదే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అన్నమయ్య పదిహేనో శతాబ్దం వాడు. ఆయన సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద చెక్కి దాచారు. అది మన మొదటి గట్టి స్టోరేజ్ అనుకోండి, వందల ఏళ్లు నిలిచింది. కానీ ఆ రేకుల మీద ఏముంది? సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. పాడిన తీరు లేదు. బాణీ పోయింది. అందుకే నాలుగైదు వందల ఏళ్ల తర్వాత నేదునూరి, బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు మళ్లీ బాణీలు కట్టాల్సి వచ్చింది. కాబట్టి ఒక అన్నమయ్య కీర్తన వింటున్నప్పుడు “ఈ బాణీ ఎవరిది?” అన్నది చిన్న ప్రశ్న కాదు.

ఇప్పుడు మీ ఫోన్‌లో ఏదైనా యాప్ తెరిచి అదే కీర్తన చూడండి. గాయకుల పేరు ఉంటుంది. ఆల్బమ్ పేరు ఉంటుంది, చాలాసార్లు ‘బెస్ట్ ఆఫ్’ అనో ‘డివోషనల్ హిట్స్’ అనో. బాణీ కట్టినవారు? వయొలిన్ ఎవరు? మృదంగం ఎవరు? ఏ ఏడాది, ఏ ఊళ్లో? రాగం, తాళం? చాలావాటిలో ఏమీ ఉండదు. ఆ డేటాబేస్ సినిమా పాట కోసం కట్టిన స్కీమా. పక్కవాద్యానికి కాలమ్ లేదు. మంచి సీడీ కవర్ లోపలి కాగితంలో ఇవన్నీ ఉంటాయి. నేను ఒక డిస్కు రిప్ చేసినప్పుడు మొదట ఎక్కించేది ఆ వివరాలే. ఫ్లాక్ ఫైల్‌లో మీకు నచ్చిన ట్యాగ్ మీరే పెట్టుకోవచ్చు. రాగం, తాళం, వాగ్గేయకారుడు, బాణీ, వయొలిన్, మృదంగం, కచేరీ తేదీ. ఒక్కసారి చేస్తే చాలు.

రెండో కారణం, డిస్కు మాయమవదు. ఒక యాప్‌లో నేను దాచుకున్న పాత కచేరీ ఒకటి, ఓ రోజు పొద్దున్న చూస్తే పేరు బూడిద రంగులోకి మారిపోయి ఉంది. నొక్కితే పలకదు. హక్కులు ఎవరి నుంచి ఎవరికి మారాయో మనకు చెప్పరు. అద్దె ఇంట్లో మేకు కొట్టుకోవడం లాంటిదే స్ట్రీమింగ్ ప్లేలిస్ట్. పైగా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరు మాది. మేఘాల్ని నమ్ముకోవద్దని మాకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ద్వారం వారి మూడు నిమిషాలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హై-రెస్ నిజంగా ఎక్కడ కావాలి?

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖలో పెరిగి, 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యుడిగా చేరారు. 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. పక్కవాద్యంగా ఉండే వయొలిన్‌ని ఒంటరిగా కచేరీ చేసే స్థాయికి తెచ్చినవారిలో ఆయన ముందుంటారు. యెహూదీ మెనూహిన్ అంతటివాడు ఆయన వాయిద్యం విని మెచ్చుకున్నాడు. విశాఖలో ఆయన విగ్రహం ఉంది. ఆయన వయొలిన్ విన్నవాళ్లు మన వయసువాళ్లలో ఎంతమంది?

ఆయన వాయించినవి 78 ఆర్‌పీఎం లక్క రికార్డుల మీద వచ్చాయి. ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు, అంతే. రాగాన్ని ఆ కాస్త సమయంలో కుదించి వాయించాలి. ఈ రోజు నెట్‌లో అలాంటి పాత రికార్డులు దొరుకుతాయి. కానీ ఎలా? ఎవరో ఎప్పుడో క్యాసెట్‌కి ఎక్కించింది, దాన్నుంచి ఎంపీ3, దాన్ని మళ్లీ వీడియోగా అప్‌లోడ్ చేస్తే ఇంకోసారి కుదింపు. గరగర తగ్గించాలని పై శబ్దాలన్నీ కత్తిరించేసి ఉంటారు. వయొలిన్ దుప్పటి కప్పుకుని వాయించినట్టు ఉంటుంది. మనం “పాత రికార్డింగ్ కదా, అంతే ఉంటుంది” అనుకుంటాం. తప్పు ఆ రికార్డుది కాదు, దాన్ని కాపీ చేసిన తీరుది.

ఇక్కడ కావాలి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. ప్రపంచంలోని సౌండ్ ఆర్కైవ్‌ల సంఘం ఐయాసా ఇచ్చిన మార్గదర్శకాలు కూడా కనీసం 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ ఉండాలనీ, 96 అయితే మంచిదనీ చెబుతాయి. పాత రికార్డుల్లో సంగీతం పది వేల హెర్ట్జ్ పైన పెద్దగా ఉండదు కదా, అంత ఎందుకు అంటారేమో. సంగీతం కోసం కాదు, టిక్కు టిక్కుమనే చప్పుళ్ల కోసం! గీత వల్ల వచ్చే టిక్ చాలా పొట్టిది, చాలా పదునైనది. దాన్ని ఎంత వివరంగా పట్టుకుంటే సాఫ్ట్‌వేర్ దాన్ని సంగీతం నుంచి అంత శుభ్రంగా వేరు చెయ్యగలదు. తక్కువ రేటులో పట్టుకుంటే ఆ టిక్ పక్కనున్న స్వరంలోకి పాకినట్టు అవుతుంది. 24 బిట్లు ఎందుకంటే, ఆ టిక్కులు సంగీతం కంటే చాలా ఎత్తుకు లేస్తాయి. అవి పగలకుండా లెవెల్ తగ్గించి రికార్డ్ చేసుకున్నా అడుగున ఉన్న సన్నటి శబ్దం పోదు. కెమెరా గురించి తెలిసినవాళ్లకు ఒక్క మాట చాలు: రా ఫైల్ ఎందుకు తీస్తామో ఇదీ అందుకే. చూడ్డానికి కాదు, ఎడిట్ చేసుకోవడానికి.

ఫైల్ సైజు భయపెట్టేది కాదు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ స్టీరియో అంటే నిమిషానికి సుమారు 35 ఎంబీ. మూడు నిమిషాల ఒక వైపు 104 ఎంబీ. వంద వైపులు కలిపినా పది జీబీ పైచిలుకు. మీ ఫోన్‌లో వాట్సాప్ గుడ్ మార్నింగ్ ఫొటోలు తీసేస్తే సరిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మన దేశంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు, అది విడుదలైన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్లు. ద్వారం వారు 1964లో పోయారు. అంటే ఆయన బతికుండగా విడుదలైన రికార్డులన్నింటికీ 2024తో ఆ గడువు తీరిపోయింది. త్యాగరాజ కృతుల మీద ఎలాగూ హక్కులు లేవు. కాబట్టి ఒరిజినల్ 78 రికార్డు దగ్గరుంటే దాన్ని పద్ధతిగా డిజిటైజ్ చేసి అందరికీ పెట్టడానికి ఆ చట్టం ఇక అడ్డు రాదు. తర్వాతి కాలం సీడీలు, రేడియో టేపులు వేరే సంగతి, వాటిని మీ ఇంటి వరకే ఉంచుకోండి. అడ్డేమీ లేకపోయినా పని జరగట్లేదంటే అది మన బద్ధకమే. ఈ ఊళ్లో సౌండ్ కార్డ్ డ్రైవర్ గురించి గంట మాట్లాడగల కుర్రాళ్లు వేలల్లో ఉన్నాం.

క్వార్టర్ ఖాళీ చేస్తే ఏమవుతుంది

ఇది ఎందుకు తొందర పని అంటున్నానంటే, ఆ డిస్కులు ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఉక్కునగరంలో, పోర్ట్ క్వార్టర్లలో, ఎంవీపీ కాలనీ పాత అపార్ట్‌మెంట్లలో. ముప్ఫై నలభై ఏళ్లు ఉద్యోగం చేసి, కళాభారతిలో ఒక్క కచేరీ కూడా మానకుండా విన్న తరం ఇప్పుడు రిటైరై ఇళ్లు మారుతోంది. స్టీల్ ప్లాంట్‌లో పని చేసిన మా నాన్న స్నేహితుడొకాయన క్వార్టర్ ఖాళీ చేస్తూ నాకు ఫోన్ చేశారు. “ఒరే, రెండు అట్టపెట్టెలున్నాయి, పాటలవి. నువ్వు తీసుకెళ్తావా, పాత సామాన్లవాడికి వేసెయ్యమంటావా?” అన్నారు. “అంకుల్, తలుపు తీసే ఉంచండి, వచ్చేస్తున్నా” అన్నాను.

పెట్టెల్లో కంపెనీ సీడీలు కొన్ని, క్యాసెట్లు కొన్ని, అడుగున ఇంట్లో రాసుకున్న సీడీ-ఆర్‌లు ఓ ముప్ఫై. వాటి మీద పెన్నుతో తేదీ, రాగాల వరస, పక్కవాద్యాల పేర్లు. కంపెనీ సీడీలు అన్నీ చక్కగా చదివాయి. సీడీ-ఆర్‌లలో మాత్రం ఏడు పోయాయి. డ్రైవ్ కాసేపు తిరిగి, మూలిగి, ఖాళీ డిస్కు అనేసింది. దీనికి కారణం ఉంది. ఫ్యాక్టరీ సీడీలో డేటా ప్లాస్టిక్‌లో గుంటలుగా అచ్చేసి ఉంటుంది. ఇంట్లో రాసిన దానిలో అది ఒక రంగు పొర మీద లేజర్ పెట్టిన మచ్చ. వేడికి, వెలుతురుకి ఆ రంగు చెడిపోతుంది. అలాంటి డిస్కులు మీ దగ్గరుంటే రేపటికి వాయిదా వెయ్యొద్దు. ముందు అవే కాపీ చెయ్యండి.

మన ఊరి గాలి కూడా డిస్కులకు మంచిది కాదు. ఉప్పు, తేమ, పాతూరు వైపైతే పోర్టు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము. ఎల్‌పీలకు బూజు పడుతుంది, ప్లేయర్ లెన్స్ మసకబారుతుంది. మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి, డిస్కులు నిలబెట్టి పెట్టండి. సీడీని తుడిస్తే మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. 78 రికార్డులకు ఇంకో జాగ్రత్త: స్పిరిట్, శానిటైజర్ లాంటివి చుక్క కూడా తగలకూడదు. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ద్వారం వారిని చేజేతులా కడిగేసినట్టే!

డబ్బు ఎక్కడ పెట్టాలి

నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పే వరస ఇది.

మొదట, ల్యాప్‌టాప్‌కి పెట్టుకునే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి. రెండు వేల అటూ ఇటూగా దొరుకుతుంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో ఫ్లాక్‌గా రిప్ చేసుకోండి. అది మీ కాపీని వేరేవాళ్ల కాపీలతో చెక్‌సమ్ పోల్చి, ఒక్క బిట్ తేడా ఉన్నా చెప్తుంది. కోడ్ రాసేవాళ్లకు ఇంతకంటే తృప్తి ఏముంటుంది?

తర్వాత, సౌకర్యంగా ఉండే వైర్డ్ హెడ్‌ఫోన్, చిన్న డాంగిల్ డ్యాక్. అక్కడితో ఆగండి. మిగతా డబ్బుతో డిస్కులు కొనండి. చెన్నై మైలాపూర్ వైపు వెళ్తే సంగీతం షాపులు ఇంకా ఉన్నాయి. టీటీడీ వాళ్ల అన్నమయ్య సీడీలు వచ్చాయి. పాశ్చాత్య సంగీతమంటే ఇష్టం ఉంటే పాత హైబ్రిడ్ ఎస్‌ఏసీడీలు వెతకండి. ప్లేయర్ లేకపోయినా సీడీ పొర పలుకుతుంది.

ఇంట్లో 78 రికార్డులు ఉంటే మాత్రం ఖర్చు వేరే. ఆ వేగంతో తిరిగే టర్న్‌టేబుల్, ఫోనో ప్రీఆంప్, 24 బిట్, 96 పట్టగల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. అన్నిటికంటే ముఖ్యం 78 కోసమే చేసిన సూది. ఎల్‌పీ సూది ఆ గాడికి మరీ సన్నం, అడుగున దొర్లుతూ గరగరే వినిపిస్తుంది. ఒక్కడికి బరువైతే నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఒక సెట్ కొనుక్కోండి. రికార్డ్ చేసిన మొదటి ఫైల్‌ని శుభ్రం చెయ్యకుండా అలాగే దాచండి. నాయిస్ తీసేది దాని కాపీ మీదే. పదేళ్ల తర్వాత ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వస్తుంది, అప్పుడు మళ్లీ ఆ మొదటి ఫైలే కావాలి.

కంపెనీలకూ, ఆకాశవాణికీ ఒక మాట. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 నుంచి ఉంది. బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు లాంటివాళ్లు పని చేసిన చోటు అది. ఆ కాలం టేపుల్లో మిగిలినవాటిని పద్ధతిగా 24 బిట్లలోకి ఎక్కించి, రాగం, పక్కవాద్యాలు, తేదీతో సహా అమ్మితే కొనడానికి మాలాంటివాళ్లం సిద్ధం. డిస్కుగా వేసినా సరే, డౌన్‌లోడ్‌గా ఇచ్చినా సరే. మాకు కావాల్సింది స్టిక్కర్ కాదు.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. మీ ఇంట్లోనో, తాతగారింట్లోనో అటక మీద పాటల పెట్టె ఏదైనా ఉందేమో అడగండి. ఉంటే దించి, అందులో ఏమేం ఉన్నాయో జాబితా రాయండి. ఎవరు పాడారు, ఎప్పుడు కొన్నారు, ఆ కచేరీకి ఎవరెవరు వెళ్లారు. ఇవన్నీ చెప్పగలిగినవాళ్లు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ డేటా మాత్రం ఏ డిస్కులోనూ లేదు.